మైకు గొంతు

నా గొంతు రెండుసార్లు పోయింది. మొదటిసారి డాక్టర్లు తీసేశారు. రెండోసారి మా ఆయన తీసేశారు. డాక్టర్లు కనీసం మత్తుమందు ఇచ్చి తీశారు.

మా ఆయన మీద చాడీలు చెప్పడానికి ఇది రాయడం లేదు. చాడీలే చెప్పాలనుకుంటే ఇంతకన్నా రుచిగా ఉండేవి నా దగ్గర బోలెడున్నాయి. నోటితో చెప్పుకునే దారి లేదు గనక రాస్తున్నాను, అంతే.

నేను బస్సు స్టేషన్లో అనౌన్సర్‌గా పనిచేశాను. అద్దాల గదిలో కూర్చుని, "ప్రయాణికులకు విజ్ఞప్తి" అంటూ ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో రోజంతా చెప్పడం నా పని. ఆ పనికి ఒక గొంతుంటుంది. అందులో కోపం ఉండదు, సంతోషం ఉండదు, జలుబు కూడా ఉండకూడదు. బస్సు వచ్చినా అదే గొంతు, రద్దయినా అదే గొంతు. తప్పిపోయిన పసిపిల్ల నా పక్కనే కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తున్నా అదే గొంతుతో దాని గౌను రంగు చెప్పాలి. స్టేషన్లో అందరూ నన్ను మైకమ్మ అనేవారు. డ్యూటీ దిగగానే ఆ గొంతును అక్కడే వదిలేసి ఇంటికొచ్చేదాన్ని. ఇంట్లో నా గొంతు వేరు. అదెలా ఉండేదో మా పక్కింటివాళ్ళని అడిగినా చెబుతారు, గోడ అవతలికి కూడా ఉచితంగా వినిపించేది.

మా ఆయన ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్. ఎర్ర పెన్ను పట్టుకుని ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ దిద్దారు. ఒకే మాట పక్కపక్కన రెండుసార్లు పడితే ఆయన చెయ్యి ఊరుకోదు. మందుసీసాతో వచ్చిన కాగితం కూడా దిద్దిగాని మందు తాగరు. వాళ్ళ ప్రెస్సులో ఒక పద్ధతుంది. ఒకే పేజీకి మొదటి ప్రూఫు, రెండో ప్రూఫు, మూడో ప్రూఫు అని నంబర్లు వేసి పంపిస్తారు. వాటిలో శుభ్రంగా ఉన్నదాన్ని ఉంచి, మిగతావి అక్కడికక్కడే చింపి బుట్టలో పడేయాలి. లేకపోతే ఎవరో ఒక మహానుభావుడు పాత ప్రూఫు తీసుకెళ్ళి అచ్చు కొట్టించేస్తాడు. ఆ పద్ధతి తప్పకుండా పాటించే ఆయన ఇన్నేళ్ళూ ఎవరిచేతా మాట పడలేదు.

నా గొంతులో గడ్డ అన్నారు. చాలా పరీక్షలయ్యాక స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. ఆస్పత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "ఆపరేషన్‌కి ముందే మీ గొంతు రికార్డు చేసి పెట్టుకోండమ్మా. తర్వాత ట్యాబ్‌లో బటన్ నొక్కితే మీ గొంతే మాట్లాడుతుంది," అంది.

మా అమ్మాయిది రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. రెండు వీధుల అవతలే ఉంటుంది. సెలవు పెట్టి మా ఇంటికొచ్చేసింది. గది మోగకుండా తలుపుకీ కిటికీకీ దుప్పట్లు వేలాడదీసి, మంచం మీద మైకు పెట్టింది. మైకు కనపడగానే నా వీపు దానంతటదే నిటారుగా అయింది. "వద్దు" అన్నాను. బస్సు రద్దయిందని చెప్పినట్టుంది.

"అమ్మా, బస్సేం రాలేదు. మామూలుగా అను," అంది అమ్మాయి.

ప్రతి మాటకీ ఇదే తంతు. మొదట ఎప్పుడూ మైకు గొంతే వచ్చేది. కొట్లోనో ఆస్పత్రిలోనో పనికొస్తుందిలే అని అమ్మాయి దాన్నీ దాచింది. ఆ తర్వాత అసలువి మొదలయ్యేవి. అన్నం వడ్డిస్తుంటే అనే వద్దు వేరు, టీవీ సౌండు పెంచుతుంటే అనే వద్దు వేరు. వద్దంటూనే ఇంకాస్త బతిమాలించుకునే వద్దు ఒకటుంది. అది కూతురి ముందు అనడానికి సిగ్గేసి, దాన్ని బయటికి పంపి, నేనే రికార్డు చేసుకున్నాను. ఇక "ఏమండీ" సంగతి చెప్పక్కర్లేదు. విసుగుతో పిలిచేది, భయపడి పిలిచేది, పనేమీ లేకపోయినా పక్కగదిలో ఉన్నారో లేదో చూసుకోవడానికి పిలిచేది. వాటన్నిటికీ పేర్లు పెట్టే ఓపిక లేక అమ్మాయి ఏమండీ ఒకటి, ఏమండీ రెండు, ఏమండీ మూడు అని నంబర్లు వేసుకుంటూ పోయింది. "చాల్లెండి సంబడం" ఒక్కటే ఒక పూటంతా పట్టింది.

చివరి రోజున కిటికీకి కట్టిన దుప్పటి ఊడి అమ్మాయి నెత్తిన పడింది. లోపల తడుముకుంటూ కుర్చీని తన్ని పడేసి, కెవ్వుమని, కింద కూలబడింది. నాకు నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే, "ఆపవే, చచ్చిపోతాను," అంటూ నవ్వాను. మైకు ఆన్‌లోనే ఉంది. నేను గొంతుతో నవ్విన ఆఖరి నవ్వు అదే. అమ్మాయి దానికి పేరు కూడా పెట్టలేదు. ట్యాబ్ మీద ఒక నవ్వు బొమ్మ పెట్టి, దానికి తగిలించింది.

ఆపరేషన్ అయింది. ఇప్పుడు నా ఊపిరి మెడ దగ్గరున్న రంధ్రంలోంచి. నోరు తెరిస్తే పెదవులు కదులుతాయి, అంతవరకే. గొంతుకి ఆనించుకుని మాట్లాడే పరికరం ఒకటి ఇచ్చారు. మాటల్ని మిక్సీలో వేసి రుబ్బినట్టుంటుంది. దాన్ని సొరుగులో పడేశాను. రాసింది చదివిపెట్టే కంప్యూటర్ గొంతు ఇంకొకటుంది. ఆవిడెవరో గాని తెలుగు మాటల్ని తడిగుడ్డ పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుంటుంది. అదీ వద్దన్నాను. నాకు నా పలక చాలు. ట్యాబ్‌ని మేము పలక అనే అంటాం.

పలక మీద బటన్ ఊరికే తాకితే మామూలు మాట. నొక్కి పట్టుకుంటే ఆ మాట తాలూకు మిగతావన్నీ వరసగా వస్తాయి, కావలసినదాని మీదికి వేలు జరపాలి. నాకది త్వరలోనే చేతికి అలవాటైపోయింది. ఏడాదికి పైగా ఆ పలకతో కాపురం చేశాను. పోట్లాడాను, బతిమాలించుకున్నాను. వంట మా ఆయన నేర్చుకున్నారు. ఆయన కూరలో ఉప్పు ఉంటే కారం ఉండదు. మొదటి ముద్ద పెట్టుకుని, "అచ్చుతప్పు. సవరణ రేపటి సంచికలో," అనేవారు. ఈ జోకు మా పెళ్ళినాటిది, అప్పట్లో నా వంట మీద వేసేవారు. నేను "చాల్లెండి సంబడం" నొక్కి, వెంటనే నవ్వు బొమ్మ నొక్కేదాన్ని. కుర్చీ పడ్డ చప్పుడుతో సహా నా నవ్వు గదంతా నిండేది. ఆ నవ్వు కోసమే ఆయన రోజూ ఆ జోకు వేస్తున్నారని నాకు తెలుసు. నాకు తెలుసునని ఆయనకీ తెలుసు.

చిక్కల్లా పలకతోనే వచ్చింది. అది ముసలిదైపోయింది. పొద్దున్నే తెరవగానే "స్థలం నిండిపోయింది" అనేది. హాల్లో ఉన్న కంప్యూటర్‌దీ అదే ఏడుపు. అప్‌డేట్ చేయమంటుంది, చేద్దామంటే స్థలం లేదంటుంది, సరే పోనీ అంటే మళ్ళీ గంటకి అప్‌డేట్ చేయమంటుంది. కొత్త పలక కొందామంటే, ఈ మాటల బటన్ల ప్రోగ్రాం తయారుచేసిన కంపెనీ మూతపడిందట, కొత్తవాటిలో అది తెరుచుకోదట. కాబట్టి ముసలిదాన్నే నెట్టుకు రావాలి. పాలు పొంగుతున్నాయని "ఏమండీ" నొక్కితే గుండ్రంగా తిరుగుతూ కూర్చునేది. పాలు పొంగి, పొయ్యి ఆరి, ఆయన గుడ్డతో తుడుస్తుంటే అప్పుడు కేకేసేది. ఒకరోజు విసుగొచ్చి దాన్ని సోఫా మీదికి విసిరేసి, కాగితం మీద "దీన్ని ఏ చెరువులోనైనా పారేయండి" అని రాసిచ్చాను. అమ్మాయి ఫోన్లో, "ఆదివారం వచ్చి సర్దుతాను, వేరే దాంట్లో ఒక కాపీ కూడా తీసి పెడతాను," అంది. ఆదివారాలు వచ్చాయి, వెళ్ళాయి. పలకలో ఉన్నదే కంప్యూటర్‌లోనూ ఉంటుంది, ఒకదాంట్లో ఏది మార్చినా రెండోదాంట్లోనూ మారేలా రెండూ కలిపి ఉన్నాయి గదా అని ఎవరికీ బెంగ లేదు.

ఒకనాడు అమ్మాయీ నేనూ ఆస్పత్రికి చెకప్‌కి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి మా ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. ముఖం వెలిగిపోతోంది.

"పలక పరిగెడుతోంది, చూడు. నేనే బాగుచేశాను," అన్నారు.

తెరిచి చూస్తే నిజంగానే చకచకా తెరుచుకుంటోంది. అలసిపోయి ఉన్నాను. ఆయన భుజం తట్టి వెళ్ళి పడుకున్నాను. ఆ తట్టడం ఇప్పుడు తలుచుకుంటే చెయ్యి కాలినట్టుంటుంది.

మర్నాడు పొద్దున ఆయన ఎప్పటిలాగే కుళాయి సరిగా కట్టకుండా వచ్చి పేపరు పట్టుకున్నారు. "ఏమండీ" నొక్కి పట్టుకున్నాను. వరస రాలేదు. ఒక్కటే ఉంది. తాకాను.

"ఏమండీ," అంది పలక. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ముక్కూమొహం తెలియని పెద్దమనిషిని పిలిచినట్టుంది.

మా ఆయన పేపరు దించి, "ఎంత స్పష్టంగా వస్తోందో," అన్నారు.

నేను "వద్దు" నొక్కాను. మైకు గొంతు. "రండి" నొక్కాను. మైకు గొంతు. "చాల్లెండి సంబడం" నొక్కితే రేపటినుంచి సంబడం అనే సర్వీసు నిలిపివేయబడినట్టు చెప్పింది. చివరికి నవ్వు బొమ్మ నొక్కాను. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కాను. బొమ్మ మాత్రం పళ్ళికిలించుకుని నన్నే చూస్తోంది.

కాగితం అందుకుని "ఏం చేశారు" అని రాశాను.

ఆయన ఇంకా సంతోషంగానే చెప్పారు. "కంప్యూటర్‌లో కూర్చుని తీశాను. ఒక్కో మాట అన్నన్నిసార్లు ఉందేమిటే. ఒకటి, రెండు, మూడు అని ప్రూఫుల్లాగా. అమ్మాయి మర్చిపోయినట్టుంది, ఒక్కటి ఉంచి మిగతావి తీసేయాలి కదా. ఒక్కటి కూడా వినకుండా తీయలేదు. అన్నీ విని, ఏది శుభ్రంగా ఉందో అది ఉంచాను."

నేను "అవన్నీ వేరువేరు" అని రాశాను. చాలా గట్టిగా రాసినట్టున్నాను, కాగితం చిరిగింది.

అప్పుడు ఆయన ముఖంలో వెలుగు తగ్గడం మొదలైంది. "వేరువేరంటే? నువ్వు కోపంగా నొక్కితే కోపంగా, మెల్లగా నొక్కితే మెల్లగా అంటుంది కదా అది. నీ వేలిని బట్టి దానికి తెలుస్తుందనుకున్నాను," అన్నారు.

ఏడాదికి పైగా ఆయన అలా అనుకుంటూ ఉన్నారు. నా వేలి కొసలో నా కోపం ఉందని, పలక దాన్ని అందుకుని పలుకుతోందని. కొత్తగా పెళ్ళయినవాడు కూడా పెళ్ళాం గురించి అంత గొప్పగా అనుకోడు. ఆ మాట విని ఆయన్ని కొట్టలేకపోయాను. కొట్టి ఉంటే ఇద్దరికీ బాగుండేది.

నవ్వు బొమ్మ చూపించాను.

"దానికి పేరు లేదు. వింటే ఏదో పడ్డ చప్పుడు, అరుపులు. పొరపాటున రికార్డయిందనుకుని..." అని ఆగిపోయారు. అది రోజూ వినే నవ్వేనని గుర్తుపట్టలేదా అని అడగాలనిపించింది. మొదటి క్షణం చప్పుడు విని, అచ్చుతప్పు దొరికిన ఆనందంలో మిగతాది వినకుండా తీసేసి ఉంటారు. అన్నీ విన్నానన్న మనిషి ఆ ఒక్కటీ వినలేదు.

అమ్మాయి ఆఫీసు మధ్యలో వదిలేసి వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుని, కాసేపు వెతికి, "చెత్తబుట్ట కూడా ఖాళీ చేశావా నాన్నా?" అంది.

"చేయకుండా ఎలా ఉంచుతానమ్మా? అది అందులో ఉంటే మళ్ళీ ఎవరో ఒకరు..."

"అప్‌డేట్‌కి సరే నొక్కిందెవరు?"

"స్థలం ఉందా అని అడిగింది. ఉంది కదా అని సరే అన్నాను."

నా మాటలు లేచిపోయిన చోట, నెలల తరబడి గుమ్మం దగ్గర కాచుకున్న ఆ అప్‌డేట్ వచ్చి దర్జాగా కూర్చుంది. అమ్మాయి తల పట్టుకుంది. ఆయన్ని తిడుతుందని చూశాను. కాని అది, "ఆ కాపీ ఏదో తీసి ఏడవాల్సింది నేనే," అని తనని తాను తిట్టుకుంది. అలా నా తరఫున ఆయనకి పడాల్సిన తిట్లు కూడా పడకుండా పోయాయి.

రిపేరు షాపుకి తీసుకెళ్ళాం. విరిగిన ఫోన్ల, ఊడిన కీబోర్డుల మధ్య కళ్ళద్దాలాయన ఒకడు కూర్చుని ఉన్నాడు. మంచివాడే, కంప్యూటర్ పెట్టె విప్పి, దాన్ని ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, మమ్మల్ని కూర్చోమన్నాడు. చాలాసేపటి తర్వాత తెర మా వైపు తిప్పాడు. వరసగా నా మాటలన్నీ ఉన్నాయి. ఏమండీ రెండు, ఏమండీ మూడు, వద్దు నాలుగు. మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"పేర్లు దొరికాయి మేడమ్. లోపల ఏముందో చూడాలి," అని షాపాయన ఒకదాన్ని తెరిచాడు. బుస్సుమని చప్పుడు. ఇంకోటి తెరిచాడు. అదీ బుస్సుమంది. ఒకదాంట్లో మాత్రం ఆ బుస మధ్య "చా" అని వినిపించింది, నా అసలు గొంతే. ఆ తర్వాత మళ్ళీ బుస.

"ఆ చోటు మీద కొత్తది రాసేసింది మేడమ్. ఇంతకన్నా రాదు," అన్నాడు.

ఆ ఒక్క అక్షరాన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసిమ్మని మా ఆయన అడిగారు. షాపాయన వేసిచ్చాడు.

ఆ తర్వాత మా ఇల్లు ఎలా ఉంటుందో చెబుతాను. బయటివాళ్ళందరికీ నా గొంతు తెగ నచ్చుతుంది. మందులషాపులో అమ్మాయి, "ఎంత చక్కగా, మర్యాదగా ఉందండీ," అంటుంది. ఇంట్లో నాకు కోపం వస్తుంది, కాని కోపపడే వీలు లేదు. వచ్చిన కోపం వచ్చినట్టే కూర్చుని, చల్లారి, లోపలే పేరుకుంటుంది. ఏడుపు వచ్చినా చప్పుడు ఉండదు గనక వంటగదిలో ఆయనకి తెలియదు. పక్కగదిలో ఉన్నారో లేదో చూసుకోవడానికి పిలుద్దామని బటన్ దాకా వేలు పోనిచ్చి, వెనక్కి తీసుకుంటాను. ఆ గొంతుతో పిలిస్తే ఆయన లేచి నిలబడతారు, టిక్కెట్టు చూపించాలేమో అన్నట్టు.

ఒకరోజు ఆయనే వచ్చి నా కాళ్ళ దగ్గర కింద కూర్చున్నారు. "తిట్టవే. ఏదో ఒకటి అను. ఇలా ఉండకు," అన్నారు.

పలకంతా వెతికాను. "నీ మొహం" ఉంది, "బుద్ధి ఉందా" ఉంది. రెండూ ప్రయాణికులకు విజ్ఞప్తే. నొక్కలేదు. నిజంగా తిట్టాలని అంత కోరికగా ఉండి, తిట్టలేక ఆయన తల మీద చెయ్యి వేశాను. క్షమించానని అనుకున్నారు. క్షమించలేదు. ఆ సంగతి చెప్పడానికి నా దగ్గర గొంతు లేదు.

అమ్మాయి మాత్రం ఊరుకోలేదు. మిగిలిన రికార్డింగులు కంప్యూటర్‌కి వినిపిస్తే, అదే గొంతుతో ఏ మాటైనా తయారుచేసే ప్రోగ్రాం ఒకటి వచ్చిందట. వారాల తరబడి దానితో కుస్తీ పట్టి, ఒక సాయంత్రం కొత్త పలకతో వచ్చింది. "ఇక నువ్వు ఏది రాస్తే అది నీ గొంతుతోనే చెబుతుందమ్మా," అంది. దాని కళ్ళకింద నలుపు చూసి, నేను ముఖం వెలిగించుకున్నాను.

ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. నేను ముందు "కుళాయి కట్టేశారా" అని రాశాను. కుళాయి కట్టబడినదా లేదా ప్రయాణికులు గమనించగలరు, అన్నట్టే అడిగింది. వినిపించిందల్లా మైకు గొంతే అయినప్పుడు ఆ ప్రోగ్రాం మాత్రం ఏం చేస్తుంది? అమ్మాయి ముఖం పాలిపోయింది. "కొంచెం మార్చొచ్చేమో, చూస్తాను," అంది.

మా ఆయన అది గమనించలేదో, గమనించకూడదనుకున్నారో తెలియదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నా మాటలు పోయిన రోజు నుంచి ఎన్నడూ వేయని జోకు వేశారు. "అచ్చుతప్పు. సవరణ రేపటి సంచికలో."

అని నా వైపు చూశారు. ఆ చూపులో అంత ఆశ పెట్టుకోకపోతే బాగుండేది. నా వేలు అలవాటుగా నవ్వు బొమ్మ ఉండే మూలకి వెళ్ళింది. కొత్త పలక మీద అక్కడ ఏమీ లేదు. అమ్మాయి గబగబా చెయ్యి చాపి, "హహహ" అని రాసి, మాట్లాడే బటన్ నొక్కింది.

"హ," అంది పలక. కాస్త ఆగి, "హ," అంది. మళ్ళీ ఆగి, "హ," అంది. ప్లాట్‌ఫారం నంబర్లు చదివినట్టు, ఒక్కో అక్షరం విడివిడిగా, ఎంత వెనక నిలబడ్డవాళ్ళకైనా వినపడేలా.

అమ్మాయి లేచి మంచినీళ్ళకని వంటగదిలోకి వెళ్ళి, అక్కడే ఉండిపోయింది. మా ఆయన కంచంలో అన్నం అటూ ఇటూ కలుపుతూ చాలాసేపు కూర్చున్నారు.

"ఇక జోకులు వేయనులే," అన్నారు చివరికి.

నేను "సరే" అని రాసి, బటన్ నొక్కాను. చాలా స్పష్టంగా వినిపించింది.